సున్న ఎగిరిపోయింది

సంపాదకులు గారికి, నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో బైబిలు మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇన్ని వందల ఏళ్లలో అందులో ఒక్క అక్షరం మారలేదనీ, మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒక మాటకు ఇంకో మాట అడ్డు రాదనీ వ్యాసకర్త రాశారు. సాక్ష్యంగా మత్తయి సువార్త 5వ అధ్యాయం 18వ వచనం చూపించారు. ధర్మశాస్త్రం నుంచి ‘ఒక పొల్లయినను ఒక సున్నయైనను’ తప్పిపోదన్న వచనం. బాగుంది. కానీ అదే వచనంలో ‘ధర్మశాస్త్రమంతయు’ అని ఉండాల్సిన మాట మీ పత్రికలో ‘ధర్మశాస్త్రమతయు’ అని అచ్చయింది. సున్న ఎగిరిపోయింది.

వెక్కిరించడానికి రాయడం లేదండీ. 34 ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని. ఇలాంటి సున్నలు నా చేతుల మీదుగా ఎన్ని ఎగిరిపోయాయో నాకే తెలుసు. పైగా పుట్టుకతో క్రైస్తవురాలిని, ఇప్పటికీ రోజూ బైబిలు చదువుతాను. చేత్తో రాసి, చేత్తో నకలు తీసి, తరతరాలుగా చేతులు మారిన పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదంటే, నమ్మే మనిషిగా ఊరుకున్నా ప్రూఫ్ రీడర్‌గా ఊరుకోలేకపోయాను. (మధ్యలో ఒక మాట. మత్తయి గ్రీకులో ఉన్నది ఐయోటా అనే అతి చిన్న అక్షరం, అక్షరానికి ఉండే చిన్న గీత. వాటిని పొల్లు, సున్న అని తెలుగు చేసినవారెవరో గానీ వారికి దణ్ణం పెట్టాలి.)

నా అనుమానం పదమూడో ఏట మొదలైంది. నాన్నగారు రోజూ రాత్రి ఒక అధ్యాయం పైకి చదివేవారు. వంశావళులు, బలుల లెక్కలు, ఏదీ వదిలేవారు కాదు. రాజుల రెండో గ్రంథం 8వ అధ్యాయంలో అహజ్యా రాజైనప్పుడు 22 ఏళ్లవాడని విన్నాం. కొన్ని నెలల తర్వాత దినవృత్తాంతముల రెండో గ్రంథం 22వ అధ్యాయానికి వచ్చేసరికి అదే అహజ్యా 42 ఏళ్లవాడయ్యాడు. పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. వాళ్ల నాన్న యెహోరాము 32వ ఏట రాజై, 8 ఏళ్లు ఏలి చనిపోయాడని ముందు అధ్యాయంలోనే ఉంది. అంటే 40. ఆ వెంటనే కొడుకు గద్దెనెక్కాడు, 42 ఏళ్లతో. అందులోనూ ఇతను కడగొట్టు కొడుకట! తండ్రి కంటే రెండేళ్లు పెద్దవాడైన ఆఖరి కొడుకు.

నాన్నగారికి చూపిస్తే ‘ఊఁ’ అన్నారు. బైబిలు క్లాసు టీచరుగారిని అడిగితే, ‘దేవుని వాక్యాన్ని కూడికలూ తీసివేతలతో కొలవకూడదమ్మాయ్’ అన్నారు. ఆ పుట అంచున చిన్న ప్రశ్న గుర్తు పెట్టి ఊరుకున్నాను.

జవాబు అచ్చాఫీసులో దొరికింది. చేరిన మొదటి నెలలోనే తెలిసింది, అంకెలంత సులువుగా తప్పిపోయేవి ఇంకేవీ లేవని. మాట తప్పు పడితే అర్థం చెడి కంటికి గుచ్చుకుంటుంది. 22 బదులు 42 పడితే గుచ్చుకోవడానికి ఏముంది? రెండూ అంకెలే. హీబ్రూ పాఠంలో అక్కడ 42 ఉంటే, పాత సిరియాక్ అనువాదంలో 22 ఉంది. ఎవరో అలసిపోయిన లేఖకుడి పని, అంతే. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు సంగతైతే ఇంకా అన్యాయం. సమూయేలు మొదటి గ్రంథం 13:1 హీబ్రూలో ఉన్నది ఉన్నట్టు చదివితే, ఆయన రాజయ్యేనాటికి ఏడాది వయసువాడు! అంకె ఎప్పుడో జారిపోయింది. కొందరు అనువాదకులు తోచిన అంకె వేస్తారు, కొందరు నిజాయితీగా చుక్కలు పెట్టి వదిలేస్తారు.

కన్ను లైను దూకడం ఇంకో జబ్బు. ఒకసారి ఒక పాఠ్యపుస్తకంలో వరసగా రెండు పేరాలు ‘అందువల్ల’ అని మొదలయ్యాయి. కంపోజిటరు మొదటి ‘అందువల్ల’ నుంచి రెండోదానికి దూకాడు. నా పక్కన కూర్చుని మూలప్రతి పైకి చదివే అమ్మాయి కూడా సరిగ్గా అక్కడే దూకింది. ఇద్దరి తప్పూ ఒకదానికొకటి చక్కగా అతికిపోయి, నాకు అంతా సవ్యంగానే వినబడింది. పుస్తకం అచ్చయి, కుట్టయి, అట్ట పడ్డాక రచయిత పట్టుకున్నారు. వదిలేసిన పేరాను చీటీల మీద అచ్చేసి ప్రతి పుస్తకంలో అంటించాం. వేళ్లకు జిగురు వాసన వారం రోజులు పోలేదు.

1947 నుంచి మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికిన చేతిరాత చుట్టల్లో సమూయేలు గ్రంథం ప్రతి ఒకటి ఉంది. మొదటి గ్రంథం 11వ అధ్యాయం మొదట్లో, మనం చదివే పాఠంలో లేని పేరా ఒకటి అందులో కనబడింది. అమ్మోనీయుల రాజు నాహాషు ఇశ్రాయేలు గోత్రాలవారైన గాదీయుల, రూబేనీయుల కుడి కళ్లు పెరికించాడనీ, తప్పించుకున్న 7,000 మంది యాబేష్గిలాదు అనే ఊరు చేరారనీ. మన బైబిల్లో నాహాషు ఉన్నట్టుండి ఊడిపడి యాబేషు వాళ్ల కుడి కళ్లు అడుగుతాడు, ఎందుకో తెలియదు. ఈ పేరా పెడితే కథ అతుకుతుంది. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఈ సంగతి తెలిసినవాడిలాగే రాశాడు. నకలు తీసేటప్పుడు ఎక్కడో జారిపోయిన పేరా ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం, కొన్ని ఇంగ్లిషు బైబిళ్లు దాన్ని మళ్లీ పాఠంలో చేర్చాయి కూడా. అది తెలిసిన రోజు నా వేళ్లకు మళ్లీ జిగురు వాసన వచ్చింది. అదే చుట్టలో, దావీదు చంపిన గొల్యాతు ఎత్తు నాలుగు మూరల జానెడు. మనం చిన్నప్పటి నుంచి వింటున్న గొల్యాతు ఆరు మూరల జానెడు.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. అవే గుహల్లో దొరికిన యెషయా గ్రంథపు పెద్ద చుట్ట, అప్పటిదాకా చేతిలో ఉన్న హీబ్రూ ప్రతుల కంటే దాదాపు వెయ్యేళ్లు పాతది. అయినా చాలా మటుకు సరిపోయింది. ఆ లేఖకుల శ్రద్ధ ముందు మా అచ్చాఫీసు ఏపాటిది? కొత్త నిబంధనకు గ్రీకు చేతిరాత ప్రతులే 5,000కు పైగా ఉన్నాయి. వాటి మధ్య పాఠాంతరాలు 4 లక్షల దాకా ఉంటాయని అంచనా. అంకె చూసి కంగారు పడక్కర్లేదు, అత్యధికం స్పెల్లింగు తేడాలు, మాటల వరస మారడాలు. ఈ లెక్క మొదట గట్టిగా తేల్చినవాడు జాన్ మిల్ అనే ఇంగ్లిషు పండితుడు. 30 ఏళ్లు కూర్చుని 1707లో వేసిన గ్రీకు పాఠంలో సుమారు 30,000 తేడాలు చూపించాడు. పుస్తకం వచ్చిన రెండు వారాలకే పోయాడు. ప్రూఫులు దిద్దే వాళ్లెవరికైనా ఆయన పేరు వింటే గుండె కలుక్కుమంటుంది.

కాబట్టి అచ్చుతప్పులు, రాతతప్పులు నాకు పెద్ద సమస్య కాదు. పది ప్రతులు పక్కపక్కన పెట్టుకుంటే అవి దొరుకుతాయి, దిద్దుకోవచ్చు. 1631లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిల్లో ‘కూడదు’ అని చెప్పే ఒక్క చిన్న మాట పడిపోయి, పది ఆజ్ఞల్లో ఒకటి వ్యభిచరించమని చెప్పినట్టయింది. రాజుగారి ముద్రాపకులకు 300 పౌండ్ల జరిమానా పడింది. దాన్ని చూసి ఎవరూ మతం మార్చుకోలేదు.

నన్ను నిద్రపోనివ్వనివి వేరే రెండున్నాయి.

ఒకటి, చేర్పులు. మార్కు సువార్తకు మనకు దొరికిన అతి పాత సంపూర్ణ ప్రతులు రెండు, నాలుగో శతాబ్దానివి. ఒకటి వాటికన్ గ్రంథాలయంలో ఉంది. రెండోది సీనాయి కొండ దగ్గరి మఠంలో బయటపడింది, ఎక్కువ భాగం ఇప్పుడు లండన్‌లో ఉంది. ఆ రెండింట్లోనూ మార్కు 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు భయపడి, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా సమాధి దగ్గర నుంచి పారిపోయారు, అంతే. పాములను పట్టుకోవడం, విషం తాగినా ఏమీ కాకపోవడం, ఇవన్నీ ఆ తర్వాతి 12 వచనాల్లోవి. ఆ వచనాలను నమ్మి నిజంగా పాములు పట్టుకుని చచ్చిపోయిన వాళ్లున్నారు సంపాదకులు గారూ. అమెరికాలో అలాంటి సంఘాలు నేటికీ ఉన్నాయి. పుట అడుగున ఒక చిన్న వివరణ వాళ్లకు ఎవరైనా చదివి వినిపించారో లేదో.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కటేననే త్రిత్వానికి సూటి రుజువుగా చెప్పుకునే వచనం, యోహాను మొదటి పత్రిక (అంటే ఉత్తరం) 5:7లో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ పరలోకంలో సాక్ష్యమిస్తున్నారనే మాట, ఎరాస్మస్ అనే డచ్ పండితుడు 1516లో వేసిన గ్రీకు పాఠంలో లేదు, 1519లోనూ లేదు. గోల పుట్టాక 1522లో చేర్చాడు. పాత గ్రీకు ప్రతుల్లో అది ఎక్కడా లేదు. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు.

బాధంతా యోహాను 8వ అధ్యాయం గురించే. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్లతో కొట్టబోతుంటే యేసు వంగి నేల మీద వేలితో రాసిన కథ. బైబిలు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది. మీలో పాపం లేనివాడు మొదటి రాయి వేయాలన్న మాట విని పెద్దవాళ్లు మొదలుకొని ఒక్కొక్కరే జారుకుంటారు చూడండి, ఆ ‘పెద్దవాళ్లు మొదలుకొని’ అన్న ఒక్క మాట కోసం ఎంతటి రచయితైనా జన్మంతా తపస్సు చేయాలి. ఆ కథ యోహాను సువార్త అతి పాత ప్రతుల్లో లేదు. కొన్ని ప్రతుల్లో యోహాను చివర ఉంది. కొన్నిట్లో ఏకంగా లూకా సువార్తలో 21వ అధ్యాయం తర్వాత ఉంది. పుట నంబరు లేని విడికాగితం ఒకటి అచ్చాఫీసులో ఎలా తిరుగుతుందో నేను చూశాను. ఎవరికీ పారేయ బుద్ధి కాదు, ఎక్కడ పెట్టాలో తెలియదు, చివరికి ఎవరో ఒకరు తమకు నచ్చిన చోట దూరుస్తారు. ఆ కథ నిజంగా జరిగి ఉండొచ్చు. కానీ అది యోహాను రాసింది కాదని తెలిసిన రోజు రాత్రి నేను దీపం ఆర్పి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

రెండోది, సరిదిద్దుడు. మా వృత్తిలో మొదటి నియమం, అచ్చుతప్పు దిద్దు, రచయితను దిద్దకు. దాన్ని నేనూ ఒకసారి తప్పాను. ఒక నవలలో ఒక ముసలాయన మొదట తన వయసు 60 అంటాడు, వంద పుటల తర్వాత 58 అంటాడు. నేను తెలివిగా రెండు చోట్లా 60 చేశాను. రచయిత అచ్చు చూసుకుని తల పట్టుకున్నారు. ‘ఆయన అబద్ధమాడుతున్నాడమ్మా! కథంతా ఆ అబద్ధం మీదే ఉంది!’

మార్కు సువార్త రెండో వచనంలో ‘యెషయా ప్రవక్త రాసినట్టు’ అని మొదలుపెట్టి ముందు ఇచ్చిన మాట మలాకీ గ్రంథంలోది. యెషయా మాట ఆ తర్వాత వస్తుంది. పాత ప్రతుల్లో ‘యెషయా’ అనే ఉంది. తర్వాతి కాలపు ప్రతుల్లో అది ‘ప్రవక్తలు రాసినట్టు’ అని మారింది. నాలాంటి తెలివిగలవాడు ఎవడో రచయిత పరువు కాపాడాడు. ఇలాంటివాళ్ల బాధ పడలేక వాటికన్ ప్రతిని తర్వాతి కాలంలో చూసిన లేఖకుడొకడు హెబ్రీయులకు రాసిన పత్రిక మొదట్లో, పుట అంచున ఇలా రాసి పెట్టాడు: మూర్ఖుడా, దుర్మార్గుడా, పాత పాఠాన్ని అలాగే ఉంచు, మార్చకు! ఎన్ని వందల ఏళ్ల కిందటి కోపమో. చదివితే పక్క టేబులు నుంచి అరిచినట్టే ఉంటుంది.

పోనీ లేఖకులను వదిలేద్దాం. రచయితలే ఒకరితో ఒకరు విభేదిస్తే ఏ ప్రూఫ్ రీడర్ ఏం చేయగలడు? మత్తయిలో, యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు ఆ డబ్బు దేవాలయంలో విసిరేసి వెళ్లి ఉరేసుకుంటాడు, ఆ డబ్బుతో యాజకులు పొలం కొంటారు. అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయంలో పొలం అతనే కొంటాడు, తలకిందులుగా పడి పొట్ట పగిలి చస్తాడు. దీనికి మీ వ్యాసకర్త చెప్పిన సమాధానం, ఉరేసుకున్నాడు, తాడు తెగింది, కింద పడ్డాడు, పొలం యాజకులే అతని పేరు మీద కొన్నారు. ఈ తాడు ఎక్కడిది? మత్తయిలో తెగలేదు, అపొస్తలుల కార్యాలు రాసిన లూకా అసలు తాడు మాటే ఎత్తలేదు. ఇద్దరు రాసినవీ నిలబెట్టడానికి ఎవరూ రాయని మూడో కథ పుట్టింది. యేసు తాత పేరు మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. అక్కడా ఇలాంటి మూడో కథలు బోలెడున్నాయి.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది మన తెలుగులోనే దొరికింది. సిలువ వేసిన వేళ మార్కు ప్రకారం మూడో గంట. సూర్యోదయం నుంచి లెక్కపెడతారు కాబట్టి పొద్దున తొమ్మిది. యోహాను 19:14 ప్రకారం ఆరో గంట వేళకి రోమన్ అధికారి పిలాతు ఇంకా ‘ఇదిగో మీ రాజు’ అంటూ న్యాయపీఠం మీదే ఉన్నాడు. అంటే మధ్యాహ్నం పన్నెండు. తొమ్మిదింటికి సిలువ మీదున్న మనిషి పన్నెండింటికి విచారణలో ఎలా ఉంటాడు? మా ఇంట్లో పాత తెలుగు బైబిల్లో ఈ చిక్కే లేదు. అక్కడ యోహాను 19లో ‘ఉదయము ఆరు గంటలు’ అని ఉంది. ఆరింటికి విచారణ, తొమ్మిదింటికి సిలువ, హాయిగా సరిపోయింది. కానీ అదే యోహాను 4వ అధ్యాయంలో యేసు అలసిపోయి బావి దగ్గర కూర్చున్నప్పుడు, గ్రీకులో అక్షరం తేడా లేకుండా అదే వాక్యం ఉంటే, ఇదే అనువాదం ‘పండ్రెండు గంటలు’ అంటుంది. ఒకే గంట ఒకచోట పన్నెండు, ఇంకోచోట ఆరు. కొన్ని గ్రీకు ప్రతుల్లో కొందరు లేఖకులు ఈ 19:14నే ‘మూడో గంట’ అని మార్చేశారు. వాళ్లు గంట మార్చారు, మనవాళ్లు గడియారం మార్చారు. యోహాను రోమన్ల పద్ధతిలో అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టాడని ఒక వాదన ఉంది. అలాగైతే ఆ పద్ధతి బావి దగ్గర ఏమైందో చెప్పాలి.

ఇదంతా రాస్తున్నాను కదా అని, రెండు వారాల కిందట మీ ఉత్తరాల శీర్షికలోనే క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో ఓట్లు వేసి సువార్తలు ఎంచుకున్నారని రాసిన పెద్దమనిషి నన్ను తన జట్టులో కలుపుకోవద్దు. ఆ సభలో అలాంటిదేమీ జరగలేదు. కొత్త నిబంధనలో మనకున్న 27 పుస్తకాల పట్టిక యథాతథంగా మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేషియస్ రాసిన ఉత్తరంలో. ఒక తప్పును ఇంకో తప్పుతో కొడితే రెండు తప్పులవుతాయి.

నేను చెప్పిన వాటిలో రహస్యం ఒక్కటీ లేదు. వేదాంత కళాశాలల్లో పాఠంగా చెప్పే విషయాలివి. అక్కడ చదివి వచ్చినవాళ్లు ప్రసంగ పీఠం ఎక్కగానే ‘ఒక్క అక్షరం మారలేదు’ అంటారెందుకో నాకు తెలియదు. మా సంఘంలో ఒక పాస్టరుగారిని అడిగితే, ‘అక్కా, మీకు చెబితే తట్టుకుంటారు, అందరూ తట్టుకోలేరు’ అన్నారు. ఆయన మంచి మనిషే. కానీ ఎవరు తట్టుకోగలరో లెక్కగట్టే పని ఆయనకు ఎవరిచ్చారు? పుట అడుగున వివరణ వేసిన బైబిళ్లు ఉన్నాయి. వాటిని పైకి చదివితే చాలు.

నాన్నగారు పోయాక ఆ పాత బైబిలు నాకు వచ్చింది. దినవృత్తాంతముల దగ్గర నేను పదమూడో ఏట పెట్టిన ప్రశ్న గుర్తు అలాగే ఉంది. దాని పక్కన, సన్నటి పెన్సిలు రాతలో, ‘2 రాజులు 8:26’ అని ఆయన రాసి పెట్టుకున్నారు. పుటలు తిప్పితే ఇంకా దొరికాయి. యూదా చనిపోయిన చోట ‘అపొ. 1:18’. యోహాను 19:14 పక్కన ‘మార్కు 15:25?’ అని. ప్రశ్న గుర్తు కూడా ఆయనదే. అన్నీ చూసుకున్నారు, రోజూ చదువుతూనే ఉన్నారు, నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. ఒక్క సాయంత్రం కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది.

చివరగా, మీరు సవరణ వేయదలిస్తే ఇలా వేయండి: ‘ధర్మశాస్త్రమతయు’ అని పడిన చోట ‘ధర్మశాస్త్రమంతయు’ అని చదువుకోగలరు. అది అచ్చుతప్పు, పత్రికది. ‘ఒక్క అక్షరం మారలేదు’ అన్నది అచ్చుతప్పు కాదు. దాన్ని మీ ప్రూఫ్ రీడర్ ముట్టుకోకూడదు, వ్యాసకర్తే దిద్దుకోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్
(పేరు వేయవద్దని మనవి)